పక్కకు తిరిగిన కుర్చీ

సూరత్‌లో సైకియాట్రీ పీజీ చేస్తున్న ఆ తొలినాళ్లలో, మాటలతో మనుషుల్ని బాగుచేయడం నాకు పుట్టుకతో వచ్చిన విద్య అని గట్టిగా నమ్మేదాన్ని. (మా అమ్మ నమ్మేది కాదు. నాతో రెండు నిమిషాలు మాట్లాడితే తలనొప్పి వస్తుందనేది.) సైకోథెరపీ నేర్పే మా మేడం చెప్పినవన్నీ తు.చ. తప్పకుండా పాటించేదాన్ని. రోగికి కాస్త పక్కకు తిరిగి కూర్చోవాలి, గొంతు తగ్గించాలి. నోటికి అడ్డంగా చెయ్యి పెట్టుకోవడం మాత్రం నా సొంత కవిత్వం, అలా అయితే మేధావిలా కనిపిస్తానని.

తెలుగు వచ్చు కదా అని నాకొక కేసు ఇచ్చారు. ఆ ఊళ్లోనే ఖటోదరా పేటలో మరమగ్గాల మీద పనిచేసే సిరిసిల్ల వైపు పెద్దాయన. ఇరవై ఏళ్లు ఒకే గదిలో ఉన్న దోస్తు గుండె ఆగి పోయాడు. ఆనాటి నుంచి ఈయన తిండి మానేసి, తానూ పోతానంటున్నాడని తోటివాళ్లు తీసుకొచ్చారు. వివరాలన్నీ వాళ్లే చెప్పారు. ఈ మనిషిని దక్కించుకోవాలి, అదీ నా మాటలతో. నాలుగు వారాలు వరసగా వచ్చాడు. నేను మెల్లగా గొప్ప గొప్ప ప్రశ్నలు అడిగేదాన్ని, ఆయన తల ఊపేవాడు. ‘లోతైన మాటలు కూడా స్వీకరిస్తున్నాడు’ అని రాసి చూపిస్తే మేడం మెచ్చుకుని సంతకం పెట్టింది. మనిషి మాత్రం వారం వారం చిక్కిపోతున్నాడు. భయంతో నాకు అన్నం సహించేది కాదు.

ఐదో వారం చాయ్ వచ్చింది. రెండు చేతుల్లో రెండు గ్లాసులు పట్టుకుని, ఆయన వైపు తిరిగి, ఏమైనా తిన్నారా అని అడిగాను.

“తినలే బిడ్డా. ఇయ్యాల నీ మూతి కనవడ్డది” అన్నాడు.

సాంచల మోతకు, అంటే ఆ మరమగ్గాల చప్పుడుకు, ఎన్నడో చెవులు పోయాయట, పెదాలు చూసి మాట పట్టుకుంటాడట. నాలుగు వారాలుగా నేనన్నదాంట్లో ఒక్క ముక్కా ఆయనకు అందలేదు. నాకు తల కొట్టేసినట్టయింది. మరి ఎందుకు చెప్పలేదు, ఎందుకు వస్తున్నారు అని అడిగాను.

“పెద్ద సదువు సదివినవ్, గట్లనే కూసుండాల్నేమో అనుకున్న. మావోడొక్కడే నా దిక్కు తిరిగి మాట్లాడెటోడు. వాడు పొయినంక ఎవ్వలు తిరుగుతలేరు. నువ్వు ఇయ్యాల గాకుంటె రేపన్న తిరుగుతవేమోనని వచ్చిన.”

కుర్చీ తిప్పుకుని ఎదురుగా కూర్చున్నాను. ఆ గంటంతా ఆయనే మాట్లాడాడు, వాళ్లవాడి గురించి. ఇద్దరం ఏడ్చాం. (డాక్టర్లు ఏడవకూడదని కూడా నేర్చుకున్నాను, అది వేరే సంగతి.) చాయ్‌తో పాటు రెండు బిస్కెట్లు తిన్నాడు. కొన్ని నెలలకు మళ్లీ పనిలోకి వెళ్లాడు. మేడంకి ఉన్నదున్నట్టు చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. ఆ కాగితాల మీద తన సంతకం చూసుకుని నిట్టూర్చింది, అంతే.

ఇప్పటికీ ఎవరితో మాట్లాడినా పెదాలు కాస్త ఎక్కువగా కదుపుతానట. ఇంట్లోవాళ్లు నన్ను అనుకరించి నవ్వుతారు. నేనూ నవ్వేస్తాను. నవ్వుతూనే, మేధావినని మురిసిపోతూ కూర్చున్న ఆ పిల్లను భుజాలు పట్టుకుని ఇటు తిప్పాలనిపిస్తుంది.