బావ చెయ్యి, నా గొంతు

"మళ్ల గుంజినవా?"

"గుంజిన తియ్యి బావా. నువ్వు పండుకో."

మా ఇద్దరి మధ్య చివరి మాటలు ఇవే. మాటలు అన్నానే గానీ, నోటితో అన్నది నేనొక్కదాన్నే. బాన్సువాడ దవాఖానలో మంచం మీద పడుకుని ఆయన చేత్తో అడిగాడు. పిడికిలి బిగించి పైకి లాగాడు, కాస్త ఆగి మళ్లీ లాగాడు. గుర్రం మీద జీను జారకుండా పొట్ట కింది నుంచి చుట్టి కట్టే పట్టీ ఉంటుంది. దాన్ని తంగు అంటాం. మొదటిసారి కట్టేటప్పుడు గుర్రం గాలి పీల్చి పొట్ట ఉబ్బిస్తుంది. గట్టిగానే ఉంది కదా అని ఎక్కామా, నాలుగడుగులు వేసి అది గాలి వదిలేస్తుంది. జీను పక్కకు తిరుగుతుంది, మనం కింద ఉంటాం. అందుకే కాస్త నడిపించి మళ్లీ గుంజాలి. ఆ పొద్దున పిట్లంలో పెళ్లి బరాతు ఉంటే, గుర్రాన్ని బ్యాండు వాళ్లతో పంపి నేను దవాఖానకు వచ్చాను. దాని సంగతే ఆయన అడిగింది. గుంజానని చెప్పాను, నిజంగానే గుంజాను. ఆయన కళ్లు మూసుకున్నాడు. ఇగ తెరవలేదు.

నేను చెబుతుంటే ఇది రాస్తున్నది నా తమ్ముడి బిడ్డ. నాకు బస్సు బోర్డు కూడబలుక్కునేంత చదువే వచ్చు. నేను ఒక తీరుగా అంటే ఈమె పుస్తకాల్లో ఉండే తీరుగా దిద్ది రాస్తుంది. రాయనీ. మనుషులు మాట్లాడుకున్నది మాత్రం ఉన్నదున్నట్టు రాయమన్నాను. ఇదంతా ఎందుకంటే, నా గొంతు పోతున్నది. ఇన్నేళ్లు గ్రౌండులో అరిచి అరిచి గీరుకుపోయింది. ఇంకా అరిస్తే మొత్తమే పోతుందని డాక్టరు చెప్పాడు. గుర్రపు స్వారీ నేర్చుకునే పిల్లలు ఇంకా వస్తూనే ఉన్నారు. నా గొంతుతో పాటు బావ నేర్పింది కూడా పోతుందేమోనని నా ఫికర్.

బావ నా మేనత్త కొడుకు. అందుకే పెళ్లయ్యాక కూడా బావా అనే పిలిచాను. ఆయన తండ్రి టాంగా, అంటే గుర్రబ్బండి, తోలేవాడు. బాన్సువాడ బస్టాండు నుంచి బీర్కూర్ దాకా మనుషుల్నీ మూటల్నీ వేసుకుని పోయేవాడు. షేర్ ఆటోలు వచ్చాక టాంగా ఎక్కేవాళ్లు లేకుండా పోయారు. అప్పుడు బావ పట్నం పోయి, గుర్రపు స్వారీ నేర్పే ఒక చోట సైసుగా కుదిరాడు. గుర్రాలను కడిగి, మేపి, జీను కట్టే పని. అక్కడ నేర్పే ఉస్తాద్ మిలిటరీలో గుర్రాల మీద పని చేసి వచ్చిన ముసలాయన. ఎక్కిన వాళ్ల మోకాళ్లకూ జీనుకూ మధ్య రూపాయి బిళ్లలు పెట్టేవాడట. బిళ్ల పడిపోతే కొరడా వచ్చి బూటు మీద పడేది. కిందికి చూస్తే, చూడొద్దని "నీచే నక్కో దేఖో!" అంటూ ఒకటే కేక. పొద్దున్నే గుర్రాలను తిప్పి తీసుకురావడం సైసుల పని కనుక, అట్లా తిప్పుతూ తిప్పుతూ బావ కూడా స్వారీ నేర్చాడు. ఆ కేకను ఇంటికి కూడా తెచ్చాడు. నేను రొట్టె చేస్తూ పొయ్యి మీదికి వంగితే చాలు, వెనక నుంచి "నీచే నక్కో దేఖో!" నేను ఉలిక్కిపడేదాన్ని, రొట్టె మాడిపోయేది.

"ఇట్లనే అరువు, రేపటికెల్లి ఉస్తాద్‌నే రొట్టెలు చెయ్యమను" అనేదాన్ని.

పట్నం నుంచి తిరిగి వచ్చేటప్పుడు గోధుమరంగు ఆడగుర్రాన్ని ఒకదాన్ని తోలుకొచ్చాడు. నుదుటి మీద తెల్ల మచ్చ. మొదట్లో దాన్ని పెళ్లి బరాతులకే కిరాయికి ఇచ్చేవాళ్లం. పెళ్లికొడుకులు మండపం ముందు గుర్రాన్ని చూసి వణికిపోవడం చూసి, బావ ఒక పద్ధతి పెట్టాడు. పెళ్లికి ముందు రోజు వరుడు ఊరి చివర, చెరుకు తోట పక్కనున్న మా జాగాకు వచ్చి కాసేపు కూర్చోవడం నేర్చుకోవాలి. కోటగిరి నుంచి వచ్చిన, ట్రాక్టరు తోలే పిల్లగాడు ఒకడు నాకు ఇప్పటికీ గుర్తు. జీను మీద కొయ్యలా కూర్చుని అడిగాడు:

"అన్నా, దీనికి బ్రేకు ఏడుంటది?"

"నీ నడుముల ఉంటది. జర ఎనుకకు కూసో, అదే ఆగుతది."

"కరుస్తదా?"

"నువ్వు కరవకుంటే అది కరవది."

గోడ ఎక్కి ఇదంతా చూసిన పిల్లలు మాకూ నేర్పమని వెంటపడ్డారు. అట్లా బావ నేర్పేవాడయ్యాడు. ఉస్తాద్ దగ్గర నేర్చుకున్నా ఉస్తాద్ లాగా నేర్పలేదు. మొదటి రోజు ఎవరినీ ఎక్కనిచ్చేవాడు కాదు. గుర్రం పక్కన నిలబెట్టి, దాని పొట్ట మీద అరచేయి పెట్టించి, అది ఊపిరి తీస్తే నువ్వూ తియ్యి, వదిలితే వదులు అనేవాడు. ఒక తండ్రి వచ్చి గరమయ్యాడు.

"ఎక్కుడు నేర్పమని తోలిస్తే నిలవెట్టి పంపుతున్నవేందే?"

"గుర్రాన్ని అడిగిన. అది ఇంక ఊ అన్లేదు" అన్నాడు బావ.

బిళ్లలు కూడా మానేశాడు. బిళ్ల పడుతుందేమోనని భయపడి పిల్లలు మోకాళ్లు బిగబడతారు, బిగబడితే గుర్రం ఉరుకుతుంది. దాని బదులు మోదుగాకు పెట్టాడు. దిగాక ఆకు తీసి చూడాలి. చిరిగితే గట్టిగా నొక్కినట్టు, జారిపోతే పట్టే లేనట్టు. వెచ్చగా, చెక్కుచెదరకుండా వస్తే ఆ పూట బాగా కూర్చున్నట్టు. ఆ ఆకులు ఎవరివనుకున్నారు? నేను ఇస్తార్లు కుట్టడానికి తెచ్చి ఆరబెట్టుకున్నవి.

"నా ఆకులన్ని గుర్రమెక్కెటోళ్లకే వెడితే, మనం దేంట్ల తినాలె?"

"గుర్రం మీద ఇస్తారి ఏసిన. వచ్చి వడ్డియ్యి."

ఆయనతో మాటలు గెలవలేకపోయేదాన్ని. అట్లాంటి మనిషికి గొంతులో గడ్డ లేచింది. పట్నంలో ఆపరేషన్ చేసి, ఊపిరి ఆడడానికి మెడకు రంధ్రం పెట్టారు. ప్రాణం నిలిచింది, మాట పోయింది.

ఇంటికి వచ్చిన కొన్నాళ్లకే గ్రౌండుకు పోయాడు. మధ్యలో నిలబడి పొడుగు తాడు పట్టుకుంటే, గుర్రం చుట్టూ తిరిగేది. చేత్తో సైగలు చేసేవాడు. కానీ గుర్రం మీద ఉన్న పిల్లకు ఆ చెయ్యి కనపడాలంటే తల తిప్పాలి. గుర్రం చెవుల మధ్య నుంచి ముందుకే చూడాలని ఆమెకు నేర్పింది ఆయనే. చప్పట్లు కొడితే గుర్రం ఆగిపోయేది. పిల్లలు ఒక్కొక్కరే రావడం మానేశారు. ఇంటికి వచ్చి గోడకు తిరిగి కూర్చునేవాడు.

ఒక పొద్దున నేను చాయ తీసుకుని పోయాను. మందుల దుకాణం వాళ్ల బిడ్డ గుర్రం మీద ఉంది. బావ అరచేతిని కిందికి నొక్కుతున్నాడు, మళ్లీ నొక్కుతున్నాడు. ఆ పిల్ల ముందుకే చూస్తున్నది. నాకు పాణం ఆగలేదు.

"మడిమెలు కిందికి దించు బిడ్డా! బురద మడిల కాలు దిగినట్టు దించు!"

పిల్ల మడమలు దించింది. గోడ మీది పిల్లలు ఒకటే నవ్వు. బావ నావైపు తిరిగి చూశాడు. ఈసారి వేళ్లు మెల్లగా విప్పాడు. "లగాం మెత్తగ పట్టు, కోడిపిల్లను పట్టినట్టు!" అని అరిచాను. చేతిలో చాయ చల్లారిపోయింది. ఇద్దరం తాగలేదు.

ఆ రోజు నుంచి ఆయన కుడి పక్కన నిలబడడం నా పని. ఆయన చెయ్యి, నా గొంతు. మడి, కోడిపిల్ల ఇవన్నీ నేను కలిపినవి. ఆయన ఒక్క వేలు ఎత్తితే నేను ఒక ముచ్చటంత అరిచేదాన్ని. ఒకసారి ఆయన చెవి దగ్గర ఈగ ముసురుతుంటే చెయ్యి విసిరాడు. అది కూడా పాఠమే అనుకుని నేను "చెయ్యి పైకి గుంజు!" అన్నాను. మందుల దుకాణం పిల్ల లగాం గుంజింది, గుర్రం ఉన్నచోటే నిలబడిపోయింది, పిల్ల ముందుకు జారి దాని మెడను కావలించుకుంది. బావ నన్ను కోపంగా చూసి, ఈగను చూపించాడు. ఆ తర్వాత భుజాలు ఊగిపోయేలా నవ్వాడు. చప్పుడు లేని నవ్వు. అదంటే నాకు ఎంత ఇష్టమో ఆయనకు ఎన్నడూ చెప్పలేదు.

ఆయన పోయి, దినాలయ్యాక, అదే పిల్ల తల్లితో వచ్చింది. తల్లి మంచిదే, అడగవలసిందే అడిగింది.

"అవ్వా, ఏమనుకోకు. నువ్వు ఎన్నడన్న గుర్రం ఎక్కినవా?"

"ఎక్కలే."

"మరి ఎట్ల నేర్పుతవు?"

ఈ పిల్ల కూడా మానేస్తే ఇగ గుర్రాన్ని బ్యాండు వాళ్లకు అమ్మేయడమే. తంగు కట్టి, నడిపించి, మళ్లీ గుంజి పిల్లను ఎక్కించాను. తల్లి గోడ దగ్గర నిలబడింది. తాడు ఇప్పుడు నా చేతిలో ఉంది. గుర్రం చుట్టూ తిరుగుతున్నది. అలవాటు కొద్దీ ఎడమ పక్కకు చూశాను. అక్కడ ఎవరూ లేరు. నోరు తెరిచాను గానీ, చెప్పేవాడు లేకుండా ఏం చెప్పను? గుర్రం తిరుగుతూనే ఉంది, పిల్ల మాట కోసం చూస్తూనే ఉంది. ఏదో కదిలినట్టయి కిందికి చూశాను. నా ఎడమ చెయ్యే. అరచేయి కిందికి నొక్కుతున్నది. పిల్ల మడమలు పైకి లేచాయని నా నోటికి ఇంకా తెలియలేదు, చేతికి తెలిసింది.

"మడిమెలు కిందికి!"

తర్వాత చెయ్యి ఒకటి చెప్పడం, నేను ఒకటి అరవడం. పిల్ల దిగి తన ఆకు తానే తీసి చూసుకుంది. ఒక మూల కొంచెం చిరిగింది. తల్లి నన్ను మళ్లీ ఏమీ అడగలేదు. "రేపు గూడ గీ యాళ్లకేనా అవ్వా?" అన్నది.

ఇప్పుడు ఆ గొంతుకే మూడింది. అందుకే ఇది రాస్తున్న నా మేనకోడలినే పట్టుకున్నాను. ఆఫీసులో కంప్యూటరు ముందు పని. ఈమె మాట్లాడితే పక్క కుర్చీకి వినపడదు.

"అత్తమ్మా, నాతోని కాదు. నాకు గుర్రమంటెనే భయం."

"నాకు మాత్రం లేదా? నిన్ను ఎక్కమంటలేను. నా పక్కన నిలవడు, నా చెయ్యి చూడు, నోరు తెరువు."

నిన్న నిలబడింది. నేను చేత్తో చూపించాను, ఈమె "మడమలు కిందికి పెట్టండి" అన్నది. గుర్రం మీది పిల్లకు వినపడనే లేదు. గుర్రమైతే చెవి కూడా తిప్పలేదు. నేను అరవబోతే గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. బావ గోడకు తిరిగి కూర్చున్న రోజులు అప్పుడు గుర్తొచ్చాయి.

అందుకే నీతో ఇదంతా రాయించాను బిడ్డా. ఏ చేతికి ఏ మాటో నీకు తెలియాలని. ఇప్పుడు మొదటి నుంచి చదివి వినిపించు. ఆఫీసులో చదివినట్టు వద్దు. బయట తబేలాలో ఉన్న గుర్రం చెవి తిప్పాలి, అంత గట్టిగా చదవాలి. నేను నోరు తెరవను. తప్పయితే చెయ్యి చూపిస్తాను.

ఊ. చదువు.