పక్క కౌంటీలో పురుడు

నేను అమెరికా చూడలేదు. అయినా అక్కడి ఒక కౌంటీ గురించి రెండు పేజీల పరిచయాన్ని సింగపూర్ పాయా లేబర్‌లోని మా ఆఫీసులో కూర్చుని నేనే రాశాను. ఒక అమెరికన్ ఆసుపత్రుల సంస్థకు ఇలాంటివి రాసిపెట్టడమే మా పని. ఎక్కడ ఏ వార్డు ఉంచాలో, ఏది మూసేయాలో వాళ్ళు అవి చదివి తేల్చుకుంటారు. కౌంటీ అంటే మన జిల్లా లాంటిదే. కాకపోతే సింగపూర్‌లో మేముండే హౌగాంగ్‌లో నాలుగు వీధుల్లో ఉన్నంత జనం కూడా అక్కడ ఉండరు. మొక్కజొన్న చేలు, ఒక ఏరు, ఒక హైస్కూలు, ఒక చిన్న ఆసుపత్రి. దీని గురించి రాయడానికి ఏముంటుందని విసుక్కుంటూనే మొదలుపెట్టాను.

కాన్పుల దగ్గర లెక్క కుదరలేదు. కౌంటీలో గర్భిణులు ఉన్నారు, ఆసుపత్రిలో పుట్టిన పిల్లలు మాత్రం బొత్తిగా తక్కువ. మా టీం లీడ్ గుంటూరావిడ, అక్కా అని పిలుస్తాను. స్క్రీన్ వైపు ఒక చూపు చూసి తేల్చేసింది.

"ఇందులో డౌటేముందే? కాన్పుకి పుట్టింటికి వెళ్ళుంటారు."

"అక్కా, వాళ్ళు అమెరికన్లు."

"అయితే? వాళ్ళకి అమ్మలుండరా ఏంటి?"

ఇద్దరం నవ్వుకున్నాం. నాకు అనుమానం తీరక, మర్నాడు పొద్దున్నే ఆ కాన్పుల వార్డు నర్సుకు ఫోన్ చేశాను. అక్కడ సాయంత్రం. పెద్దావిడ. మన వైపు తల్లీ అన్నట్టు మాటకోసారి నన్ను హనీ అనేది. మా అక్క పుట్టింటి సిద్ధాంతం చెబితే పగలబడి నవ్వింది.

"అంత అదృష్టమా హనీ! డాక్టర్ వారంలో సగం రోజులు ఉండడు. నొప్పులు ఆయన కోసం ఆగవు కదా. ఏరు దాటి పక్క కౌంటీకి పంపేస్తాం. గంటకు పైగా దారి."

మళ్ళీ తనే అంది.

"మీ అక్క మాట మా అమ్మాయి విషయంలో నిజమే. తొలి కాన్పుకు నా దగ్గరికే వస్తోంది. మనవరాల్ని ఈ వార్డులో నా చేతుల్లోకి తీసుకోవాలని ఆశ. అప్పటిదాకా దీన్ని ఉంచుతారా?"

రాయడం వరకే నా పని, నిర్ణయం వాళ్ళదని చెప్పాను. కానీ ఫోన్ పెట్టేశాక నాకు పంతం పట్టుకుంది. డాక్టర్ లేకే ఆడవాళ్ళు పక్క కౌంటీకి పోతున్నారని, డాక్టర్‌ను వేస్తే కాన్పులు ఇక్కడే జరుగుతాయని అరపేజీ రాశాను.

మా మేనేజర్ ఇక్కడి చైనీస్ ఆయన, చెడ్డవాడేం కాదు. సగం చదివి ఆగి, ఇక్కడివాళ్ళ ఇంగ్లీషులో అన్నాడు.

"సో దే ఆల్రెడీ గో నెక్స్ట్ కౌంటీ, రైట్? దెన్ క్లోజ్ ఆల్సో నో ప్రాబ్లం లా."

వాదించాను. డాక్టర్ లేకపోవడం వల్లే కదా అని మళ్ళీ మళ్ళీ చెప్పాను. ఆయన ఓపిగ్గా విని, నా అరపేజీలో ఒకే ఒక్క వాక్యం మిగిల్చాడు. "ఈ కౌంటీ మహిళలు ఇప్పటికే పక్క కౌంటీ సేవలు వాడుకుంటున్నారు." అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. ఒళ్ళు మండిపోయింది నాకు.

"ఊరుకోవే, మన చేతిలో ఏముంది? పద, మకాన్‌కి పోదాం" అంది అక్క. మకాన్ అంటే ఇక్కడ భోజనం. వెళ్ళాను. తిన్నాను కూడా.

ఆ ఏడాది చివర్లో వార్డు మూసేశారు. కొన్ని నెలల తర్వాత అదే పరిచయంలో కొత్త అంకెలు వేయమన్నారు. ఆసుపత్రికి ఫోన్ చేస్తే ఆ నర్సే ఎత్తింది. ఈసారి హనీ అనలేదు. వాళ్ళమ్మాయి ఎలా ఉందని అడిగాను.

"వాన. ఏరు పొంగి వంతెన మూసేశారు. చుట్టు తిరిగి వెళ్తుంటే దారిలోనే, కారు వెనక సీట్లో మనవరాలు పుట్టింది. నేనే పట్టుకున్నాను. మెడకు పేగు చుట్టుకుని ఉంది. ఏడవలేదు."

నీకు కావలసిన అంకెలేవో అడుగు అని ఆవిడే అంది. అడిగాను, ఆవిడ చెప్పింది. ఈ ఏడాది కౌంటీలో ప్రాణంతో పుట్టిన పిల్లలు అన్న చోట సున్నా వేశాను. అక్క సరిచూసి టిక్ పెట్టింది. ఆ అంకెలో తప్పేమీ లేదు.