భుజం మీద కుట్టు

ఆ రోజు నేను ఒక అబద్ధం చెప్పాను. మూడే మాటలు. "అన్నీ చూశాను, సాబ్." ఉదయం ఏడు గంటల పది నిమిషాలకు, బోధన్‌లో ఒక బడి వరండాలో, పద్నాలుగు వాన జాకెట్ల పక్కన అటెన్షన్‌లో నిలబడి చెప్పాను. నేను చూసినవి పన్నెండే.

సైన్యంలో నేను దర్జీని. పదిహేడేళ్లు చేశాను. ఊళ్లో నన్ను అందరూ మంచుకొండల గురించి అడుగుతారు. అక్కడ నేను టెంట్లకు అతుకులు వేశాను, కోట్లకు గుండీలు కుట్టాను. చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. నన్ను వదలని డ్యూటీ మా ఇంటికి ఏడు కిలోమీటర్ల దూరంలో జరిగింది.

మంజీర పొంగింది. మా దళాన్ని వరద సహాయానికి పంపారు. ఒక కెప్టెన్, పద్నాలుగు మంది జవాన్లు, రెండు రబ్బరు పడవలు. దర్జీకి పడవలో పనేముంటుంది? ఆ దారులు తెలిసినవాడిని, ఆ భాష వచ్చినవాడిని నేనొక్కణ్నే. అందుకే నా పేరూ రాశారు. సాయంత్రం నాలుగున్నరకు డిచ్‌పల్లి దాటాం. ఐదూ ఇరవైకి బోధన్ బడిలో దిగాం. మూడు గదులు మాకు, మిగతావి ముంపు ఊళ్లవాళ్లకు. వాన ఆగలేదు. గోడలు లోపలివైపు కూడా చెమర్చి ఉన్నాయి.

మరుసటి రోజు పడవలు తిప్పాం. మాకిచ్చిన వాన కోట్లు బరువు. తడిస్తే మరీ బరువు. వాటి మీద లైఫ్ జాకెట్ పట్టదు. లైఫ్ జాకెట్ మీద కోటు వేసుకుంటే గాలికి లేచి మొహం మీద పడుతుంది. సాయంత్రం నాలుగింటికి కెప్టెన్ నన్ను పిలిచాడు. మేం మాట్లాడుకునేది హిందీలో, ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

"దర్జీ, తేలికగా ఉండాలి. లైఫ్ జాకెట్ కింద పట్టాలి. వైర్‌లెస్ సెట్ లోపల తడవకూడదు. ఎల్లుండి పొద్దున ఏడింటికి పద్నాలుగు."

"అవుతాయి, సాబ్."

అవుతాయని ఎందుకన్నానంటే, బడికి ఎదురుగానే ఖాదర్ ఉస్తాద్ దుకాణం. పటాలంలో చేరకముందు నాలుగేళ్లు నేను ఆయన దగ్గరే కత్తెర పట్టాను. ఆయనకు మూడు మిషన్లు, డెబ్బై దాటిన వయసు, సగం పోయిన చూపు. నిజామాబాద్ నుంచి బండి కవర్లు కుట్టే గుడ్డ తెప్పించాం. లోపల వెండిరంగు పూత ఉంటుంది, పలచన, నీళ్లు దిగవు. కానీ సూది పడిన ప్రతిచోటా కన్నం. ఆ కన్నాలు మూయడానికి లోపలివైపు కుట్టు పొడవునా అదే గుడ్డ పట్టీ పెట్టి, సైకిల్ పంక్చర్ సొల్యూషన్‌తో అతికించాలి. అది ఆరాలి. వానాకాలంలో అది తీరిగ్గా ఆరుతుంది.

ఎడమ భుజం కింద, లోపల, సెట్‌కు ఒక జేబు పెట్టాను. వైర్‌లెస్ ఆపరేటర్ సెట్ బయటికి తీయకుండానే మాట్లాడొచ్చు. అంతవరకు అతను దాన్ని రెండు ప్లాస్టిక్ కవర్లలో చుట్టి, రబ్బరు బ్యాండ్లు వేసి, ప్రతి పిలుపుకీ విప్పి కట్టేవాడు.

మధ్యాహ్నం రెండింటికి వాన తట్టుకోలేక ఒక అవ్వ దుకాణం చూరు కిందికి వచ్చింది. బడిలో ఉంటున్న మనిషే. సాయవ్వ. తల మీద యూరియా సంచి కొప్పెర. సంచి అడుగు మూలను ఇంకో మూలలోకి దూర్చి టోపీలా పెట్టుకుంటే వీపంతా కప్పుతుంది. మా వైపు నాట్లేసే ఆడవాళ్లందరూ పెట్టుకునేదే. ఆమె మిషన్ మీది గుడ్డ అందుకుని భుజం తడిమింది.

"ఏం కుడుతున్నవ్ బిడ్డా?"

"జాకెట్లవ్వా. మా జవాన్లకు."

"గీడ కుట్టెందుకు వెట్టినవ్? వాన వడేదే గీడ."

"లోపల పట్టీ వేస్తమవ్వా. కారది."

"నా కొప్పెర సూడు. నెత్తి మీద, బుజం మీద ఒక్క కుట్టు లేదు. పొద్దంత వంగి నాటేసినా నీళ్లు ఈపు మీదికెల్లి జారిపోతయ్."

నేను నవ్వాను. "అట్లయితే మిలిటరోళ్లకు యూరియా సంచులు తొడగమంటవా?"

ఉస్తాద్ నవ్వలేదు. "ఆమె చెప్పింది గలత్ ఏమున్నది బే? గుడ్డను ఒక్క తీరుగ మలిచి కోస్తే భుజానికి కుట్టే పడది."

"అది జాకెట్ లెక్క కనవడది ఉస్తాద్."

కెప్టెన్ తేలికగా ఉండాలన్నాడు, తడవొద్దన్నాడు. ఎలా కనపడాలో చెప్పలేదు. జాకెట్‌లా కనపడాలని కోరుకున్నది నేను. నాకు సూదితో మొదటి టాకా వేయడం నేర్పిన మనిషి ముందు, ఫౌజు నాకేం నేర్పిందో చూపించుకోవాలనుకున్నాను. భుజం మీద తీరైన కుట్టు, దాని మీద ఇంకో వరస కుట్టు. చూడ్డానికి ముచ్చటగా ఉంది. కన్నాలు రెండింతలయ్యాయి.

పోతూ సాయవ్వ అడిగింది. "మా ముసలాయన సాయిలు మోటర్ షెడ్డు కాడ్నే ఉండిపోయిండు. బర్లను ఇడిషి రానన్నడు. మీ పడవల తోల్కొస్తవా?"

"రేపు పొద్దుగాల తెస్తనవ్వా."

ఉస్తాద్ దగ్గర ఒక పద్ధతి ఉంది. కుట్టును దొప్పలా మలిచి, అందులో చెంబెడు నీళ్లు పోసి, కింద పాత పేపర్ పరుస్తాడు. చాయ్ తాగుతాడు. పేపర్ మీద చుక్క కనిపిస్తే కుట్టు విప్పాల్సిందే. చీకటి పడేలోగా పన్నెండు జాకెట్లు అలా చూశాం. చివరి రెండింటి పట్టీలు పొద్దున ఆరింటికి కూడా వేలికి అంటుకుంటున్నాయి.

"రెండు గంటలు ఆగు," అన్నాడు ఉస్తాద్.

"ఒంటి మీదనే ఆరుతయ్," అన్నాను.

ఆయన చెంబు పక్కన పెట్టాడు. నేను పద్నాలుగూ మోసుకుని వరండాలోకి వెళ్లి, ఆ మూడు మాటలు చెప్పాను. పంచింది కూడా నేనే. చూసిన పన్నెండులో ఒకటి ముందుగా నేనే తొడుక్కున్నాను. చూడని రెండింటిలో ఒకటి స్టోర్ కాపలా జవానుకు పోయింది. రెండోది ఆపరేటర్ కొలత. అతను నాందేడ్ వైపు మనిషి, నవ్వితే పళ్లన్నీ కనపడతాయి. జాకెట్ వేసుకుని, చేతులు చాచి ఒక చుట్టు తిరిగాడు.

"చూడండి, పెళ్లికొడుకు! సాబ్, ఇక సెట్‌కు కవర్లు అక్కర్లేదు కదా?"

కెప్టెన్ నా వైపు చూశాడు. నేను తలూపాను.

ఎనిమిదిన్నరకు బయలుదేరాం. పడవ నడిపే హవల్దార్, ఆపరేటర్, నేను. చెరుకు తోటలు ఆకుల కొసల దాకా మునిగి ఉన్నాయి. ఆ కొసలు చూసి గట్లు ఎక్కడున్నాయో నేను చెప్పాలి. తొమ్మిదిన్నరకు ఆపరేటర్ పిలిచాడు: "షెడ్డు కనిపిస్తోంది. మనిషిని ఎక్కించుకుని పై ఊరికి పోతాం. ఓవర్." అదే ఆఖరి పిలుపు.

షెడ్డుకు ముప్పై అడుగుల దూరంలో పడవ ఇంజిన్ ఫ్యాన్‌కు పొలంలోని డ్రిప్పు పైపులు చుట్టుకున్నాయి. ఇంజిన్ ఆగింది. ప్రవాహం మమ్మల్ని షెడ్డు పక్కన మునిగిన ముళ్లకంచె మీదికి నెట్టింది. పడవ ట్యూబ్ ఒకటి చీలింది. తాడు విసిరాం. షెడ్డు కప్పు మీదున్న మనిషి పట్టుకుని లాగాడు. తొమ్మిదీ యాభైకి ముగ్గురం కప్పు మీదున్నాం.

ఆ కప్పు పది అడుగులు పొడవు, ఎనిమిది అడుగులు వెడల్పు. సిమెంటు పలక. ఒక మూల పాత పైపుల కుప్ప. నాలుగు దిక్కులా ఎర్రనీళ్లు. సాయిలు ఒక్కడే నిలబడి ఉన్నాడు, సన్నటి మనిషి, నెత్తిన కొప్పెర.

"బర్లేవి బాపు?" అన్నాను.

"తాళ్లు కోసి ఇడిషిన. ఈదుకుంట పొయినయ్. వాటికి నాకన్న తెలివున్నది."

ఆపరేటర్ సెట్ తీశాడు. దానిలోంచి నీళ్లు కారాయి. జేబు అడుగున దోసెడు నీళ్లున్నాయి. స్పేర్ బ్యాటరీ కూడా అందులోనే. అతను బ్యాటరీలు తుడిచాడు, చంకలో పెట్టుకున్నాడు, ఊదాడు, మళ్లీ బిగించాడు. దీపం వెలగలేదు. టవర్లు ముందు రోజే పడిపోయాయి. ఫోన్లు ఉన్నా లేనట్టే.

అతను జాకెట్ విప్పి భుజం తిరగేశాడు. పట్టీ ఊడి వేలాడుతోంది.

"నీది కారలేదా దర్జీ?"

"లేదు."

"నా అదృష్టం," అన్నాడు. పట్టీని వేలితో నొక్కుతూ, "నా తప్పే. కవర్ కట్టుకోవాల్సింది."

నేను ఏమీ అనలేదు. అనడానికి అంత సమయం నా జీవితంలో మరెప్పుడూ దొరకలేదు. ఎక్కడికీ పోలేం, చేయడానికి పనిలేదు, ముగ్గురూ నాకు చేయి చాపితే అందేంత దూరంలో ఉన్నారు. నా ఒళ్లు మాత్రం పొడిగా ఉంది. ఆ పొడిదనం లోపల నేను ఇరుక్కుపోయాను.

సాయిలు మా మొహాలు చూశాడు. తల మీంచి కొప్పెర తీసి ఆపరేటర్‌కిచ్చాడు.

"గా డబ్బకు కప్పు బిడ్డా. ఇది నానది. ఆరితే మాట్లాడుతదేమో."

ఆపరేటర్ సెట్‌ను ఒళ్లో పెట్టుకుని దాని మీద కొప్పెర కప్పాడు. ముసలాయన బట్టతలతో వానలో నిలబడ్డాడు. ఒక్క గంట. పదకొండూ పదికి, గాలి తగలకుండా కూర్చుందామని పైపుల కుప్ప వైపు జరిగాడు. వరదకు పైకెక్కినవాళ్లం మేం మాత్రమే కాదు. కుడి మడమ పైన కాటేసింది. రక్తపింజర. హవల్దార్ తెడ్డుతో దాన్ని నీళ్లలోకి తోసేశాడు.

"గట్టిగా కట్టొద్దు. కాలు కదలనీయొద్దు," అన్నాడు హవల్దార్. తెడ్డును కాలికి ఆనించి వదులుగా కట్టాం. మందు బోధన్‌లో ఉంది. పడవ దారిలో గంట. సెట్ పనిచేసి ఉంటే, రెండో పడవ పన్నెండున్నరలోపు వచ్చేది.

పన్నెండింటికి పాదం నల్లబడింది. ఒంటిగంటకు వాపు మోకాలి దాకా ఎక్కింది. రెండింటికి చిగుళ్లలోంచి రక్తం. హవల్దార్ ఈల ఊదుతూనే ఉన్నాడు. తెడ్డుకు ఎర్ర గుడ్డ కట్టి ఊపాం. చెరుకు కొసలు తప్ప చూసేవాళ్లెవరూ లేరు. నా జాకెట్ విప్పి సాయిలుకు కప్పాను. ఆయన గుడ్డను వేళ్లతో నలిపి చూశాడు.

"మంచిగున్నది బిడ్డా. ఎవలు కుట్టిండ్రు?"

"నేనే బాపు."

"మంచి పని నేర్సినవ్."

ప్రతి పది నిమిషాలకూ ఆపరేటర్ కొప్పెర ఎత్తి సెట్ మీట నొక్కేవాడు. నొక్కి, మళ్లీ కప్పేవాడు. నాలుగూ నలభైకి రెండో పడవ చప్పుడు వినపడింది. మా నుంచి పిలుపు రాలేదని కెప్టెన్ వాళ్లను వెనక్కి పిలిచాడట. వాళ్లు నది అవతలి ఒడ్డు నుంచి తిరిగి వచ్చి, మా ఆఖరి పిలుపు ప్రకారం ముందు పై ఊరిలో వెతికారు.

ఐదూ యాభైకి అంబులెన్స్ సాయిలునూ సాయవ్వనూ ఎక్కించుకుని నిజామాబాద్ వెళ్లిపోయింది. మేం వరండాలో నిలబడ్డాం. కెప్టెన్ అడగకముందే ఆపరేటర్ చెప్పాడు.

"నా పొరపాటు, సాబ్. సెట్‌ను కవర్లో చుట్టలేదు."

నేను ఒక అడుగు ముందుకు వేశాను. "కాదు, సాబ్. ఆ జాకెట్ నేను చూడలేదు. చూశానని చెప్పాను."

కెప్టెన్ నా చేతిలోని జాకెట్ తీసుకుని భుజం తిరగేశాడు.

"ఇది చూసిందేనా?"

"అవును, సాబ్."

దాన్ని ఆపరేటర్‌కిచ్చాడు. ఊడిన పట్టీది నాకిచ్చాడు. శిక్ష తర్వాత కాగితం మీద వచ్చింది, అది న్యాయమే. ఆపరేటర్ ఆ రాత్రి నాతో మాట్లాడలేదు. పొద్దున మాత్రం నా పక్కన కూర్చుని చాయ్ తాగాడు.

నాలుగో రోజు సాయవ్వ బట్టల మూట కోసం బడికి వచ్చింది. సాయిలు బతికాడు. కాలు మోకాలి కింద తీసేశారు. నేను ఆమెకు అంతా చెప్పాను. అబద్ధం, ఆరని పట్టీ, నా ఒంటి మీది పొడి జాకెట్. ఆమె మూట ముడి వేస్తూ విన్నది.

"జెప్పిన గదా," అన్నది.

తిట్టి ఉంటే బాగుండేది. మూట చంకన పెట్టుకుని గడప దాకా వెళ్లి ఆగింది. "మిగిలినోళ్లకన్న ఆ కుట్టు తీసి కుడుతవా?"

"మలిచేది నువ్వు జూపియ్యి అవ్వా."

ఉస్తాద్ దుకాణంలో నేల మీద సంచి పరిచి మూడుసార్లు మలిచి చూపించింది. ఆసుపత్రి బస్సు టైమయ్యేదాకా ఉంది. వెనక అంచు నుంచి తల మీదుగా ముందు అంచు దాకా ఒకటే గుడ్డ. భుజానికి కుట్టు లేదు, తలకు కుట్టు లేదు. కుట్లన్నీ చంకల కింద, వాన తగలని చోట. కోయడం తేలిక, కుట్టు సగం, పట్టీలు నాలుగో వంతు. రెండు రోజుల్లో పద్నాలుగు అయిపోయాయి. ప్రతిదానికీ చెంబు, పేపర్, చాయ్. కెప్టెన్ ఒకటి తొడుక్కుని అద్దం లేని గోడ ముందు నిలబడి, "సంచిలా ఉంది," అన్నాడు. తర్వాత వానలోకి వెళ్లి అరగంట నిలబడి వచ్చాడు. "ఇదే," అన్నాడు. నేను మాత్రం మిగిలిన తొమ్మిది రోజులూ ఊడిన పట్టీదే తొడుక్కున్నాను.

రిటైరై వచ్చాక మళ్లీ ఉస్తాద్ దుకాణంలోనే కూర్చున్నాను. ఆయన చూపు పూర్తిగా పోయింది. పేపర్ మీద చుక్క పడిందో లేదో ఇప్పుడు అరచేత్తో తడిమి చెబుతాడు. నాట్లేసేవాళ్లకు, చెరుకు నరికేవాళ్లకు ఆ జాకెట్లే కుడుతున్నాం. మొదటిది సాయిలుకు తీసుకెళ్లాను. తొడుక్కుని, చంకకర్ర పెట్టుకుని వాకిట్లో నాలుగడుగులు వేశాడు.

"బాగున్నది గని బిడ్డా, కర్ర ఈడ్నే ఒత్తుతది. ఈ కుట్టు అరిగిపోతది."

నిజమే. చంక కింద కుట్టు కారదనుకున్నాను, కర్ర సంగతి ఆలోచించలేదు. ఇంటికి తెచ్చి, కుట్టును నాలుగు వేళ్లు ముందుకు జరిపి, మళ్లీ కోసి కుట్టాను. ఇప్పుడు ప్రతి వానాకాలం ముందు వెళ్లి ఆ కుట్టు చూసి వస్తాను. ఆయన వద్దంటాడు. సాయవ్వ చెంబులో నీళ్లు తెచ్చి నా ముందు పెడుతుంది, పాత పేపర్ కూడా.

మొదటి చుక్క గుడ్డ మీద పడగానే నాకు ఆ కప్పు కనపడుతుంది. ఎనిమిదికి పది అడుగులు. మధ్యలో పనిచేయని ఒక డబ్బా, కొప్పెర కింద పొడిగా. దాని పక్కన వానలో తడుస్తున్న ఒక బట్టతల.