జార్ ఊకెనే ఇచ్చిండా?

మహబూబాబాద్ జిల్లా ఏర్పడిన మరుసటి ఏడాది, అంటే 2017 జూన్‌లో, నన్ను భూపాలపల్లి నుంచి ఆ జిల్లాలోని ఒక ప్రభుత్వ డిగ్రీ కళాశాలకు బదిలీ చేశారు. హోదా అసిస్టెంట్ ప్రొఫెసర్. దానితోపాటు చరిత్ర శాఖ ఇన్‌చార్జి బాధ్యత. శాఖ అంటే నేను, ఒక గెస్ట్ లెక్చరర్, తలుపు సరిగా పడని ఒక బీరువా. కళాశాల పేరు రాయడం లేదు. జరిగినదానికి బాధ్యత నాది.

ఆ ఏడాది మేము పెట్టుకున్న లక్ష్యం చరిత్రలో ఎం.ఏ. కోర్సు తెచ్చుకోవడం. డిగ్రీ కళాశాలకు పీజీ కోర్సు కావాలంటే విశ్వవిద్యాలయానికి ప్రతిపాదన పంపాలి. ముగ్గురు సభ్యుల బృందం వచ్చి గదులు, పుస్తకాలు, అధ్యాపకుల అర్హతలు పరిశీలిస్తుంది. చివర ఒక పాఠం వింటుంది. దాన్ని మేము ప్రదర్శన తరగతి అంటాం. ఆ తర్వాత బృందం రాసే సిఫారసు మీదే అంతా ఆధారపడి ఉంటుంది.

ఆ కోర్సు అందరికన్నా ఎక్కువ అవసరమైనది సరితకు. మూడో సంవత్సరం విద్యార్థిని, తొర్రూరు దగ్గరి తండా అమ్మాయి. ఇంట్లో లంబాడీ మాట, బయట తెలుగు. రోజూ బస్సులో ఇంటికి వచ్చేలా ఉంటేనే పై చదువు అని తండ్రి తేల్చి చెప్పాడు. హనుమకొండ హాస్టల్ మాట ఎత్తనివ్వలేదు. “జర గా కోర్సు తెండ్రి సార్. లేకుంటే వచ్చే ఎండకాలం నా పెండ్లి బువ్వకు రావాల్సొస్తది మీరు” అని నవ్వుతూనే నన్ను బెదిరించింది.

ప్రదర్శన తరగతి గురించి బయటివారికి తెలియనిది ఒకటుంది. దానికి ముందే రిహార్సల్ జరుగుతుంది. ఏ వాక్యం దగ్గర ఎవరు లేవాలి, ఏ ప్రశ్న అడగాలి, నేను కాస్త ఆలోచించినట్టు ఆగి ఏ జవాబు చెప్పాలి, అన్నీ నిర్ణయమై ఉంటాయి. జనగామలో పనిచేసినప్పటి నుంచీ నేను అందులో ఆరితేరాను. పక్క కళాశాలల వాళ్లు కూడా నన్ను సలహా అడిగేవారు. దాన్ని గౌరవంగానే భావించాను.

పాఠం నేనే ఎంచుకున్నాను. ఇంగ్లండ్ వర్తకులు రష్యాతో వ్యాపారానికి పెట్టుకున్న తొలి కంపెనీ. ఈస్టిండియా కంపెనీ కన్నా దాదాపు అర్ధ శతాబ్దం ముందుది. 1553లో మూడు ఓడలు ఉత్తర సముద్రం మీదుగా చైనాకు దారి వెతుక్కుంటూ బయలుదేరాయి. రెండు ఓడల వాళ్లు ఆ మంచుసీమలో చలికాలం గడవక చనిపోయారు. మూడోది తెల్ల సముద్రం చేరింది. దాని నాయకుడు బండ్ల మీద మాస్కో దాకా వెళ్లి జార్‌ను, అంటే రష్యా చక్రవర్తిని, కలిశాడు. తర్వాత ఆ కంపెనీకి రష్యాలో సుంకం లేకుండా వ్యాపారం చేసుకునే హక్కు దక్కింది. ఉన్నిబట్టలు తెచ్చారు, మైనం, తోళ్లు, ఓడల తాళ్లు పట్టుకుపోయారు. వినేవాళ్లకు నిద్ర రాని కథ. అందుకే ఎంచుకున్నాను.

ముగ్గురికి ప్రశ్నలు పంచాను. “నాకేది సార్?” అంది సరిత. వెనక బెంచీలో కూర్చోమనీ, నోరు తెరవొద్దనీ, ఆ యాస వింటే వచ్చినవాళ్లు మనల్ని తక్కువ చేస్తారనీ చెప్పాను.

“మీరు ఫోన్ల ఇంటోళ్లతోని మాట్లాడేది గిదే గద సార్?”

తరగతి అంతా నవ్వింది. నేను కసిరాను. నా సొంతూరు జనగామ దగ్గరి నర్మెట్ట. ఇంట్లో ఈ రోజుకీ అదే మాట. ఆ అమ్మాయి అన్నదాంట్లో అబద్ధం లేదు కాబట్టే నాకు కోపం వచ్చింది.

బృందం వచ్చింది. అధ్యక్షుడు విశ్రాంత ఆచార్యుడు, మృదుభాషి. ప్రిన్సిపాల్ మేడం ఆయన పక్కన కూర్చున్నారు. పాఠం మొదలైంది. ఓడలు ఇంకా లండన్ దాటకముందే నేను మొదటి ప్రశ్న అప్పగించిన నవీన్ కంగారుపడి లేచి, మంచులో చిక్కిన ఓడల గతి ఏమైందని అడిగేశాడు. “ఇంక ఎక్కనే లేదురా” అని పక్కవాడు చొక్కా పట్టి లాగాడు. నేను నవ్వి సర్దుకున్నాను.

తర్వాత నా రిహార్సల్ వాక్యం చెప్పాను. రష్యన్లకు వర్తకం తెలియదు కనుక ఇంగ్లిషు వర్తకులు తమ తెలివితేటలతో సుంకం లేని వ్యాపారం సాధించారు అన్నాను. ఆ వాక్యం సగమే నిజమని నాకు తెలుసు. మిగతా సగం చెబితే సమయం చాలదని తీసేశాను.

సరిత లేచింది.

“జార్ ఊకెనే ఇచ్చిండా సార్? గాయినేమన్న పిచ్చోడా?”

కూర్చోమని సైగ చేశాను. కూర్చోలేదు.

“మా తండాల మిర్చి కొనేటోళ్లు ఇద్దరే ఉండె. వాళ్లు ఎంతంటే గంత. కొనేటోడు కొత్తాయన తొర్రూరు నుండి వస్తే మా పెద్దమనుషులే రమ్మన్నరు, కాంట పెట్టనీకె జాగ గూడ సూపెట్టిండ్రు. గది ఆయన తెలివి కాదు సార్, మా అక్కెర. జార్‌కు ఏం అక్కెర వడ్డదో గది చెప్పుండ్రి.”

అధ్యక్షుడు చిరునవ్వుతో నా వైపు తిరిగారు. తరగతిలో మాట్లాడే భాష ఈ పిల్లలకు ఎవరూ నేర్పలేదా అని అడిగారు.

“నేర్పిన సార్,” అన్నాను, ఇంట్లో మాట్లాడే భాషలోనే. “నోరు మూసుకోమని నేర్పింది నేనే. గీ క్లాసు మొత్తం ముందుగాల్నే రిహార్సల్ జేసినం. గీ పిల్ల అడిగింది ఒక్కటే అసలు ప్రశ్న. దానికి జవాబు చెప్పినంకనే ఆపుత.”

మేడం తల దించుకున్నారు. నేను బోర్డు తుడిచి మళ్లీ మొదలుపెట్టాను. రష్యాకు పడమటి సముద్రం దారి పొరుగు రాజ్యాల చేతిలో ఉంది. వాళ్లు ఆయుధాలను, పనితెలిసిన మనుషులను రష్యాకు పోనివ్వడం లేదు. ఉత్తరాన కొత్త దారిలో వచ్చిన ఇంగ్లిషువాళ్లు అందుకే జార్‌కు పనికొచ్చారు. సుంకం వదులుకుని ఆయుధాలు, పనివాళ్లు, ఆపై ఇంగ్లండ్ రాణితో యుద్ధ స్నేహం ఆశించాడు.

“మరి రాణి ఫౌజు పంపిందా సార్?” నవీన్ అడిగాడు. అది నేను ఇచ్చిన ప్రశ్న కాదు.

పంపలేదన్నాను. రాణికి వ్యాపారం కావాలి, యుద్ధం వద్దు. జార్ మండిపడి, నీ రాజ్యం నువ్వు ఏలడం లేదు, నీ వర్తకులు ఏలుతున్నారు అన్న అర్థంలో ఉత్తరం రాసి, ఇచ్చిన హక్కులు రద్దు చేశాడు. “మంచిగ జేసిండు” అని వెనక నుంచి ఎవరో అన్నారు. కొన్నాళ్లకు కొంత తిరిగి ఇచ్చాడని చెప్పేసరికి ఆ గొంతే “అయ్యో” అంది. గంట కొట్టినా ఎవరూ లేవలేదు, బృందం తప్ప.

ఆ ఏడాది కోర్సు రాలేదు. తరగతి నిర్వహణ సంతృప్తికరంగా లేదని నివేదికలో రాశారు. పావుగంట ఓపిక పట్టలేకపోయారా అని మేడం అడిగారు. ఆవిడ కోపంలో న్యాయం ఉంది. సంజాయిషీ కోరుతూ మెమో ఇచ్చారు. రిహార్సల్ చేయించడం నా తప్పు, దాన్ని ఆపడం తప్పు కాదు అని జవాబు రాశాను. నా వార్షిక నివేదికలో ఒక వ్యతిరేక వ్యాఖ్య చేరింది.

సరితకు తరగతి అందరి ముందూ క్షమాపణ చెప్పాను. “మాఫీ సరే సార్, మా బాపుకాడికి ఎవరు వస్తరు?” అంది. ఆ ఆదివారం తండాకు వెళ్లాను. కోర్సు తెస్తనన్న సారు గీయననేనా అని వాళ్ల నాయన నా ముందే కూతుర్ని అడిగాడు. చాలాసేపు వాదించాను. ఆయన కదల్లేదు. ఆఖరికి సరితే, “నువ్వు పంపినా పోత, పంపకున్నా పోత. పంపితే నీకు ఇజ్జత్” అంది. ఆయన నా వంక చూసి, “గీ మాటలు మీరే నేర్పిండ్రా?” అన్నాడు. నేను నేర్పలేదని చెప్పాను. డిగ్రీ అయ్యాక ఎం.ఏ.లో చేరే రోజున హనుమకొండ హాస్టల్ దాకా ఆయనే దింపి వచ్చాడు.

ఆ తర్వాత ఉద్యోగంలో ఉన్నన్నాళ్లు రిహార్సల్ తరగతికి ఒప్పుకోలేదు. బృందాలు వచ్చినప్పుడు నన్ను పక్కన పెట్టి వేరేవాళ్లతో పాఠం చెప్పించారు. అది నేను చెల్లించాల్సిన ధరే. నేను నేర్చుకున్నది ఇది: ప్రశ్నలు ముందే పంచిన గదిలో అధ్యాపకుడికి తెలిసినది కూడా బయటికి రాదు. నేను క్షమాపణ చెప్పాల్సింది సరితకు; చెప్పాను. ఆ బృందానికి చెప్పలేదు, ఇప్పుడూ చెప్పను.