కొండ మీద మాట్లాడని పూటలు

రచయితకు ఏకాంతం కావాలని మొదట చెప్పినవాడెవడో నాకు తెలియదు. వాడికి ఇంట్లో ఒక గది, ఆ గదికి ఒక తలుపు ఉండి ఉంటాయి. నేను రాయడం నేర్చుకున్నది బోధన్‌లో, చక్కెర ఫ్యాక్టరీలో చెరుకు బండ్లు తూచే కాంటా ముందు. బండిని వరుసలో పెట్టాక మన వంతు వచ్చేదాకా పొద్దంతా కూర్చోవాల్సిందే. బండ్లవాళ్లు తెలుగులో, ఉర్దూలో, మరాఠీలో తిట్టుకుంటుంటే మోకాలే బల్లగా రాసేవాడిని. బడి ముఖం చూడలేదు. దుకాణాల బోర్డులూ, పొట్లాల కాగితాలూ చదివి అక్షరాలు పట్టుకున్నవాడిని.

డెబ్బైలలో, వయోజనుల బడి కోసం నేను రాసిన కథలు హైదరాబాద్‌లో ఎవరికో నచ్చాయి. నేపాల్‌లో ఒక కొండ ఊళ్లో నెల రోజుల రచనా శిబిరానికి పంపించారు. అక్కడే ఒక కొత్త కథ రాసి, చివరి రోజు అందరి ముందూ చదవాలి. రాయలేకపోతే చదువులేనివాణ్ణి పంపినందుకు ఇంతే అంటారు. ఆ భయం రైలెక్కినప్పటి నుంచే ఉంది.

బయలుదేరేముందు కాంటా దగ్గర ఒక ముసలి బండాయన అడగనే అడిగాడు.

"ఏందిరా, రాయనీకె గంత దూరం పోతవా? గీడ కాయితం దొరుకుతలేదా?"

"ఆడ సప్పుడుండదంట కాకా. మంచిగ రాయొస్తదంట."

"సప్పుడు లేకుంటె నిద్రొస్తది గని, రాతెట్లొస్తదిరా!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

శిబిరంలో తలా ఒక గది ఇచ్చారు. పొద్దున్నుంచి మధ్యాహ్నం భోజనం దాకా ఎవరూ మాట్లాడకూడదు, అది నియమం. కిటికీ నిండా కొండ. దాన్ని చూస్తూ కూర్చుంటే భోజనం వేళయ్యేది, కాగితం తెల్లగానే ఉండేది. భోజనం దగ్గర నానా దేశాలవాళ్లు ఇంగ్లీషులో ఏదో చెప్పుకొని నవ్వేవాళ్లు. వాళ్ల నవ్వు అయిపోయాక నేను నవ్వేవాడిని. తెలుగు వచ్చినవాడు ఒక్కడే, గుంటూరు వైపు లెక్చరర్. నాకు దుబాసీ కూడా ఆయనే. ఆయనకు ఆ బల్ల దగ్గర నాకంటే మంచి స్నేహితులు దొరికారు.

చివరి వారంలో ఓర్చుకోలేక కిందికి దిగి బస్టాండుకు పోయాను. కూలీలు ఆలుగడ్డ బస్తాలు ఎక్కిస్తూ అరుస్తున్నారు. ఒక బస్తా మీద కాగితం పెట్టుకున్నాను. కథ వచ్చింది. రోజూ అక్కడికే పోతుంటే లెక్చరర్ వెతుక్కుంటూ వచ్చాడు.

"ఇక్కడున్నారా! రాసుకునే వేళ బయటికి రాకూడదు కదండీ. శిబిరం పెద్దాయన కోప్పడుతున్నారు."

"రాస్తనే ఉన్న గద సార్, సూడుండ్రి."

"ఈ గోలలోనా?"

"గీ గోల లేకనే గన్ని రోజులు పాడైనయి."

"ఆయనకేమని చెప్పమంటారు?"

"ఎల్లగొడితె ఎల్లగొట్టుమనుండ్రి. కథ అయినంకనే వస్త."

ఎవరూ వెళ్లగొట్టలేదు. భోజనం దగ్గర నా పక్క కుర్చీలో కూర్చోవడం మాత్రం మానేశారు.

నేను రాసిన దాంట్లో, కాంటా వరుసలో ఒకడి ఎద్దు తప్పిపోతుంది. వాడు వెతుకుతుంటే వరుసలోనివాళ్లు తలా ఒక మాట అంటారు. ఆ మాటలే నా కథ. చివరి రోజు ఎవరి మాట వాళ్ల గొంతుతో చదివాను. ఎద్దును పిలిచేచోట నిజంగానే పిలిచాను. చదవడం అయ్యాక లెక్చరర్ లేచి ఇంగ్లీషులో రెండు ముక్కలు చెప్పి కూర్చున్నాడు. చప్పట్లు కొట్టారు.

"గంతేనా సార్?" అన్నాను.

"సారాంశం అంతే కదండీ. ఎద్దు పోయింది, దొరికింది."

ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటే ఒళ్లు మండుతుంది. వరుసలో ఉన్న అంతమందినీ ఏం చేశాడు?

అప్పుడు శ్రీలంక నుంచి వచ్చిన ఒక తెల్లజుట్టు ఆవిడ చెయ్యెత్తి ఏదో అడిగింది. లెక్చరర్ నా వైపు తిరిగాడు.

"మధ్యలో ఎవరినో పిలిచారట మీరు. వాళ్లు పలికారా అని అడుగుతున్నారు."

"పలికిందని చెప్పుండ్రి. రెండోసారి పిలిస్తెనే అంబా అన్నది. ఏ దిక్కునుంచో ఎతికెటోనికి ఎరుకగాలె."

ఈసారి ఆయన ఏమీ తగ్గించకుండా చెప్పినట్టున్నాడు, కొంచెం సేపు పట్టింది. ఆవిడ తల ఊపి, ఇంకేదో అడగబోయింది. అప్పటికే నా తర్వాత చదవాల్సిన ఆయన కాగితాలు పట్టుకొని లేచి గొంతు సవరించుకుంటున్నాడు.