మేస్త్రమ్మ రెండో బట్టీ

ఆ వీధి బేకరీలో బట్టీ కట్టిందెవరో మేస్త్రమ్మ అడిగినవాళ్లకూ చెబుతుంది, అడగనివాళ్లకూ చెబుతుంది. ఊళ్లో ఐదో తరగతి చదివి, తండ్రి వెంట తాపీ పట్టిన మనిషి. ఆడది కడితే బట్టీ మీది కమాను నిలుస్తుందా అని నవ్విన మేస్త్రీల ఎదుటే నిలబెట్టింది. ఒక వానకు బేకరీ గోడ కూలింది కానీ బట్టీకి వెంట్రుకంత బీట రాలేదు. సాయంత్రమైతే జనం వీధి మలుపుదాకా నిలబడడం తన చేతి చలవేనని ఆమె నమ్మకం.

అలాంటి మనిషికి గోధుమ పడదని డాక్టరు తేల్చేశాడు. మైదా రేణువు కూడా కడుపులోకి పోకూడదట.

"ఇంకా ఆ బేకరీకెందుకు అత్తయ్యా?" అంది కోడలు.

"తిండికి పోతున్నానా? నా బెంచీ మీద కూర్చోడానికి పోతున్నా."

ఆ బెంచీ మీద ముసలి దర్జీ, వరసకు మరిది, టీలో బన్ను ముంచుకుంటూ ఉడికించేవాడు. "వండినమ్మకు వాసనే మిగిలింది కదా వదినా!"

అతని ఎగతాళిని ఆమె లెక్కచేయలేదు. చుట్టుపక్కలవాళ్ల జాలిచూపులే ముల్లులా గుచ్చుకున్నాయి. నా బట్టీలో కాలింది నేను తిని తీరతానని పంతం పట్టింది.

ఓనరు మంచివాడు. కొత్త గిన్నె, కొత్త పళ్లెం తెచ్చి బియ్యప్పిండితో బన్నుకు ముద్ద కలిపించాడు.

"పళ్లెంలో కాలిస్తే నా బట్టీ రుచి ఎట్లా వస్తుందిరా? ఇటుక మీదే పెట్టు" అని మేస్త్రమ్మే పట్టుబట్టింది. మర్నాటికి కడుపు మెలిపెట్టి మంచమెక్కింది.

లేవగలిగిన రోజునే బేకరీకి వెళ్లింది. బట్టీ చల్లబడి ఉంది. ఓనరు లబోదిబోమన్నాడు. "పిండి కొత్తదే, గిన్నె కొత్తదే. ఎక్కడ తేడా వచ్చింది అత్తా?"

మేస్త్రమ్మ బట్టీలో చెయ్యి పెట్టి అడుగు ఇటుకలు తడిమింది. అరచేతికి మైదా నుసి అంటింది. ఏళ్ల తరబడి రొట్టెలు కాలిన ఇటుకలు.

"నా ఇటుకల్లోనే ఉందిరా" అంది మెల్లగా. తన పనికి తానే వంక పెట్టడం ఆమెకు అదే మొదలు.

"ఇటుకలు మార్పించనా?"

"దీని మీద చెయ్యేశావో ఊరుకోను. ఇంకోటి కడతా."

"ఈ మోకాళ్లతోనా అత్తా?"

"తాపీ పట్టేది మోకాళ్లతోనా?"

పిండిగదికి దూరంగా, పెరట్లో మొదలుపెట్టింది. పీట మీద కూర్చుని కడుతుంటే వద్దన్న కోడలే ఇటుకలందించింది.

"మూతి మరీ ఇరుకైంది అత్తయ్యా."

"కావాలనే పెట్టా. మైదా రొట్టెలు తోసే ఆ పార ఇందులో దూరకూడదు."

మొదటి బన్ను బీటలు వారి గట్టిగా దిగింది. మేస్త్రమ్మ దాన్ని బెంచీ మీదికే తెచ్చుకుంది. దర్జీ ఓ ముక్క అడిగి తీసుకుని కొరికి, దవడ పట్టుకున్నాడు.

"ఇటుక గానీ కాల్చావా వదినా?"

"ఇటుకలు నాకు కొత్తా? ముందు నీ బన్ను అవతలికి జరుపు, పొడి రాలుతోంది" అంటూ ఆఖరి ముక్కదాకా నమిలింది.

తెల్లారింది. కడుపు కిక్కురుమనలేదు. మేస్త్రమ్మ మొహం కడుక్కుని తిన్నగా బేకరీ పెరట్లోకి నడిచింది.

"ఒరేయ్, ఇవాళ పిండిలో నీళ్లు ఇంకాస్త పొయ్యి!"