మూతి విప్పేదాకా ఎంత దూరం

మా పక్కింటావిడ రంగు చేపలు పెంచుతుంది. వీధి మొత్తానికీ ఆమె చేపలమ్మే. దూరాన్ని కిలోమీటర్లలో చెబితే ఆమె చెవికెక్కదు. సంచి మూతి కట్టింది మొదలు విప్పేదాకా ఎన్ని గంటలో, ఆమెకు అదే దూరం. సంచిలో కాసిన్ని నీళ్ళు, మిగతాదంతా ఆక్సిజన్. ప్రయాణం పెరిగేకొద్దీ చేపలు తగ్గాలి.

మొదటిసారి సముద్రాల అవతలి నగరం నుంచి బేరం వచ్చింది. వాళ్ళడిగింది గుడ్డు నుంచి ఆమె సాకిన నల్లతోక చేపల్ని. ఆ ఊరెంత దూరమని మరిదిని అడిగింది. అతను ఫోను చూసి ఏడు వేల కిలోమీటర్లు, తొమ్మిది గంటలు అన్నాడు. ఆమె దానికి రెట్టింపు వేసుకుని, సంచికి ఆరేసి చేపలు కట్టింది.

వ్యాను విమానాశ్రయం రోడ్డెక్కాక మరిది సరుకు కాగితం చదువుతూ, మధ్యలో ఏదో ఊళ్ళో దించి, సగం రోజు ఆగాక ఇంకో విమానం ఎక్కిస్తారట అన్నాడు తాపీగా.

"తొమ్మిది గంటలన్నావు కదయ్యా."

"అది గాల్లో ఎగిరే లెక్క వదినా. ఎంత దూరమని అడిగావు గానీ, ఎప్పుడు చేరతాయని అడగలేదుగా."

ఆమె వేళ్ళ మీద లెక్కేసింది. ఇక్కడి పడిగాపులు, అక్కడి ఆగడం, దిగాక తనిఖీ, అన్నీ కలిపితే ముప్పై దాటుతుంది. సంచుల్లో అంత ఊపిరి లేదు. వెనక్కి తీసుకెళ్దామన్నాడు మరిది. మొదటి సరుకే అందకపోతే ఆ నగరం మళ్ళీ అడగదని ఆమెకు తెలుసు.

విమానాశ్రయం చేరేసరికి అక్కడి సరుకు గుమాస్తా తలుపు మూసే వేళైందన్నాడు. ఒక్కో సంచిలో సగం చేపలు తీసేసి మళ్ళీ కట్టి ఇస్తానని ఆమె బతిమాలింది.

"చేపలకి కూడా కాళ్ళు చాపుకునే సీట్లు కావాలా అమ్మా?"

"కావాలి బాబూ. కాస్త ఆగండి."

వ్యాను నేల మీద కూర్చుని మూతులు విప్పింది. అందమైనవి చూడలేదు, బలమైనవి చూసింది. మిగిలినవి బకెట్లోకి పోయాయి. మరిది వ్యానులోని చిన్న ఆక్సిజన్ సిలిండరు గొట్టం పట్టుకున్నాడు. తడి వేళ్ళకి రబ్బరు బ్యాండు జారి రెండుసార్లు తెగింది. షట్టరు దిగడం మొదలయ్యేసరికి రెండు సంచులు ఇంకా మిగిలాయి. వాటిని వదిలేసి, కట్టినవే పెట్టెలో సర్ది లోపలికి తోసింది.

రెండో రోజు ఫోన్లో ఆ కొన్నాయన తన తొట్టె చూపించాడు. చేపలు పక్కకి ఒరిగి తేలుతున్నాయి. మరిది ముఖం పాలిపోయింది.

"లైటు ఆర్పమను. వెలుగుకి బెదురుతాయి," అంది.

తెర నల్లబడింది. చాలాసేపు నీళ్ళ చప్పుడే వినిపించింది. ఆ తర్వాత అవతలాయన ఆమెకు రాని భాషలో గబగబా ఏదో చెప్పాడు.

"లేచాయట వదినా. ఒక్కటి తప్ప."

ఆమె అప్పటికి ఊపిరి వదిలి, గోడకి చేరగిలబడింది.

"ఆ ఒక్కదాన్నీ అప్పుడే పారేయొద్దని చెప్పు."